అందరూ వచ్చిండ్రా?

క్రికెట్ జట్టును అభిమానించడం తేలిక. టీవీ పెడితే చాలు. చాయ్ హోటల్లో కూర్చున్నా స్కోరు చెవిన పడుతుంది. గెలిస్తే ఎగరడానికి, ఓడితే తిట్టడానికి పక్కన పదిమంది ఉంటారు. అదే ఎక్కడో ఎడారిలో, రెండు వారాలపాటు, బాటలేని చోట మోటారు సైకిళ్లు తోలే ముగ్గురు నలుగురిని అభిమానించాలంటే? అక్కడ స్టేడియం ఉండదు. టీవీలో కనబడేది కొద్దిసేపే. పొద్దున చీకటితో బయల్దేరి వెళ్లిపోతారు. సాయంత్రానికి ఒక జాబితా వస్తుంది. అందులో పేరుంటే మనిషి చేరినట్టు. లేకపోతే... ఎందుకు లేదో తెలిసేదాకా కూర్చోవాల్సిందే.

నల్లగొండ జిల్లా దేవరకొండలో ఒక కుటుంబం ప్రతి జనవరీ ఇలా కూర్చుంటుంది. అది మా కుటుంబమే. పోటీ పేరు డాకర్ ర్యాలీ. సరిగ్గా సంక్రాంతి రోజుల్లోనే వస్తుంది. ఇంట్లో ఒకపక్క సకినాలు చుడుతుంటారు, ఇంకోపక్క మా తమ్ముడు కళ్లజోడు పెట్టుకుని ఫోన్లో ఆ జాబితా కోసం వెతుకుతుంటాడు. ‘ఈ వయసులో మీకు ఇదేం పిచ్చి సార్?’ అని నా పాత విద్యార్థులు అడుగుతుంటారు. ఈ పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పాలంటే ముందు మా నేల గురించి చెప్పాలి.

బండి చూసి ఊరు చెబుతాడు

దేవరకొండ నుంచి చందంపేట వైపు పోతే అన్నీ గుట్టలే. గుట్టల మధ్య ఎర్రటి చెలకలు, చెలకల చివర తండాలు. డిండి వాగు దాటితే పాలమూరు. ఆ భాగం 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా అయింది గానీ మా నోటికి ఇప్పటికీ పాలమూరే. అచ్చంపేట దాటి ఇంకా ముందుకు పోతే మన్ననూరు, అమ్రాబాదు, నల్లమల అడవి, అందులో చెంచు పెంటలు. ఇప్పుడు చాలా ఊళ్లకు తారు రోడ్డు పడింది. నేను బడిపంతులుగా ఉద్యోగంలో చేరిన 1980లలో మాత్రం బండ్ల బాటే రోడ్డు. ఎండాకాలం దుబ్బ, వానాకాలం బురద, మిగతా రోజులంతా బండలు.

అప్పుడు నా దగ్గర సెకండ్ హ్యాండ్ రాజ్‌దూత్ ఉండేది. నేనే కాదు, ఆ బాటల్లో తిరిగినవాళ్లంతా నాలాంటివాళ్లే. మందుల సంచీ తగిలించుకున్న ఆర్‌ఎంపీ డాక్టర్లు, పాల క్యాన్లవాళ్లు, కరెంటు లైన్‌మెన్లు, టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చునే నర్సమ్మలు. చైను తెగితే వేసుకోవాలి. పంచరైతే విప్పుకోవాలి. ప్లగ్గులో కార్బన్ పడితే గీక్కోవాలి. ఇవేవీ రాకపోతే బండిని తోసుకుంటూ నడవాలి. దారిలో ఎవరి బండి ఆగినా వెనకొచ్చినవాడు ఆగి ‘ఏమైంది సారూ?’ అని అడగకుండా పోయేవాడు కాదు. రేపు తన బండి ఆగుతుందని వాడికి తెలుసు.

మా తమ్ముడిది దేవరకొండలో మెకానిక్ షెడ్డు. చదువు ఏడో తరగతితో ఆపేశాడు. చేతులు మాత్రం డాక్టరు చేతులే. షెడ్డుకొచ్చిన బండిని చూసి అది ఏ వైపు ఊరిదో చెబుతాడు. మడ్‌గార్డు కింద అంటుకున్న మట్టి రంగు, రిమ్ముకు పడిన సొట్టలు, ఫోర్కులో నుంచి కారే ఆయిలు... ఇవన్నీ వాడికి అక్షరాలే. ‘మనిషి అబద్ధమాడుతడు గని బండి ఆడదన్నా’ అంటాడు. వాడి కొడుకు, మా ఇంట్లో ఒక్కగానొక్క మగపిల్లవాడు, ఆ షెడ్డులోనే పానాలు అందిస్తూ పెరిగాడు.

ఓర్పుకే పతకం

2015 జనవరిలో పేపరు ఆటల పేజీలో ఓ మూలన చిన్న వార్త వచ్చింది. బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ అనే కుర్రాడు డాకర్ ర్యాలీని పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడని. వచ్చిన స్థానం 36.

‘ముప్పై ఆరో నంబరుకు పేపర్ల ఎక్కిచ్చుడేంది?’ అన్నాడు తమ్ముడు.

‘నాయనా, బయల్దేరినోళ్లల్ల సగం మంది దాకా మధ్యలనే ఆగిపోయిండ్రు. గాళ్ల పేర్లు గూడ సూడు’ అన్నాడు కొడుకు. ఆ రాత్రి ఇద్దరూ ఫోన్లో ఆ పోటీ వీడియోలు చూస్తూ అన్నం చల్లార్చేశారు. బొలీవియాలో ఉయుని అనే చోట ఉప్పు మైదానం ఉంది. ఆ ఏడాది అక్కడ వాన పడి ఉప్పునీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలోంచి పోయిన బండ్లు ఎన్నో పాడైపోయాయి. ఉప్పు నీళ్లు వైరింగుకు ఏం చేస్తాయో తమ్ముడికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. వీడియో ఆపి, ‘గీ పిలగాడు గీడికెల్లి బయటవడ్డడా?’ అని అడిగాడు. ఆ రోజు నుంచి సంతోష్ మా ఇంటివాడైపోయాడు.

పంతులును కదా, నాకు చరిత్ర కావాలి. వెతికి చదివాను. ఇలాంటి పోటీలన్నిటికీ ముత్తాత ఒకటుంది. 1913లో ఇంగ్లండులోని కార్లైల్‌లో మొదలైంది. ఇప్పుడు ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ఎండ్యూరో అంటున్నారు. ఎండ్యూరో అంటే ఓర్పు పరీక్ష అనుకోవచ్చు. ఆరు రోజులు అడవులు, గుట్టలు, వాగులు, బురద. అక్కడ దేశాల పేరు మీద జట్లు దిగుతాయి. ‘ది గ్రేట్ ఎస్కేప్’ సినిమా హీరో స్టీవ్ మెక్వీన్ కూడా 1964లో అప్పటి తూర్పు జర్మనీలో అమెరికా జట్టు తరఫున ఇందులో బండి తోలాడు. ఈ పోటీలో నాకు నచ్చిన నియమం ఒకటుంది. బండికి ఏ రిపేరు వచ్చినా తోలేవాడే చేసుకోవాలి. పక్కన ఎంత గొప్ప మెకానిక్ నిలబడినా చెయ్యి పెట్టకూడదు. రాత్రి బండ్లన్నిటినీ కంచె లోపల పెడతారు, ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. టైరు మార్చుకోవాలన్నా లెక్కపెట్టి ఇచ్చిన నిమిషాల్లోనే. అందుకని అక్కడి పెద్ద పెద్ద వీరులు కూడా టైరు విప్పడం సాధన చేస్తారు. తన తరగతిలో మొదటివాడి సమయానికి పది శాతం లోపల వచ్చినవాళ్లందరికీ బంగారు పతకమే. ఒక్కడికే కాదు!

డాకర్ ఆ తర్వాత పుట్టింది. థియరీ సబీన్ అనే ఫ్రెంచివాడు 1977లో మోటారు సైకిలు పోటీలో లిబియా ఎడారిలో దారి తప్పిపోయాడు. ప్రాణాలతో బయటపడ్డాక ‘ఇక చాలు’ అనుకోలేదు. ఆ ఎడారినే అందరికీ చూపించాలనుకున్నాడు. 1978 డిసెంబరు 26న పారిస్‌లో తొలి ర్యాలీ బయల్దేరింది. ఆఫ్రికాలోని సెనెగల్ రాజధాని డాకర్ దాని గమ్యం. 182 బండ్లు బయల్దేరితే చేరినవి 74. మారిటేనియాలో భద్రత కరువై 2008లో రద్దయింది. 2009 నుంచి దక్షిణ అమెరికాలో నడిచింది. పేరు మాత్రం డాకర్‌గానే ఉండిపోయింది.

దారి చూపడానికి వాళ్లకు ఇచ్చేది రోడ్‌బుక్. ఇన్ని కిలోమీటర్ల తర్వాత ఎడమకు, ఇక్కడ గుంత, అక్కడ ఎండిన వాగు అని గుర్తులుంటాయి. ప్రమాదం ఉన్నచోట ఆశ్చర్యార్థకాలు పెడతారు. ఒకటుంటే జాగ్రత్త, మూడుంటే ప్రాణం మీదికి వస్తుందని అర్థం. ఇది చెబితే తమ్ముడు పడీ పడీ నవ్వాడు. ‘చింతచెట్టు దాటినంక పోచమ్మ గుడికాడ ఎడమకు తిరుగు, బర్రెలుంటయ్ పైలం... గంతే గదన్నా!’ అన్నాడు. అంతే మరి.

మూడో నియమం విన్నాక మాత్రం వాడు నవ్వలేదు. దారిలో ఎవరైనా పడిపోతే వెనకొచ్చినవాడు ఆగి సాయం చేయాలి. అలా ఆగిన సమయాన్ని లెక్కగట్టి తర్వాత అతనికి తిరిగి ఇచ్చేస్తారు. 2016లో పోర్చుగల్‌కు చెందిన పాలో గొంసాల్వెస్ మొత్తం పోటీలో ముందున్నాడు. తొడ ఎముక విరిగి పడివున్న ఆస్ట్రియా రైడరు మథియాస్ వాక్‌నర్‌ను చూసి ఆగిపోయాడు. ఆయన దగ్గరే ఉండి, సాయం అందాక కదిలాడు. ‘మంచోడు’ అన్నాడు తమ్ముడు. ఆ ఒక్క మాట వాడి నోట రావడం చాలా అరుదు.

డాకరే మావాడి దగ్గరికొచ్చింది

2018లో మా తమ్ముడి కొడుకు సౌదీ వెళ్లిపోయాడు. షెడ్డు మీద వచ్చేది ఇద్దరికి చాలదు. చెల్లెలి పెళ్లి అప్పు ఉంది. మా ప్రాంతంలో ఇది కొత్త కథేం కాదు. పాలమూరు వలస అంటే తెలియనివాళ్లెవరు? ఒకప్పుడు బొంబాయి బస్సెక్కినవాళ్ల పిల్లలు ఇప్పుడు విమానం ఎక్కుతున్నారు. రియాద్ నగరం అవతల ఒక కంపెనీ క్యాంపులో వాడికి పెద్ద బండ్ల మెకానిక్ పని. శుక్రవారం సెలవు. ఆ రోజు ఇమోలో వీడియో కాల్. వాడు వెళ్లేటప్పుడు ఒక ఇనుప ట్రంకు పెట్టెలో బట్టలు, పచ్చళ్లు, తండ్రి ఇచ్చిన నాలుగు పానాలు పెట్టుకున్నాడు.

ఆ పెట్టె గుర్తొచ్చే సంగతి డాకర్‌లోనూ ఒకటుంది. మెకానిక్కులను పెట్టుకోలేనివాళ్లు, వద్దనుకునేవాళ్లు ఒక ప్రత్యేక విభాగంలో పోటీ చేస్తారు. వాళ్లకు ఒక గుడారం, ఒక ట్రంకు పెట్టె, కొన్ని విడి చక్రాలు. రోజంతా బండి తోలి వచ్చి, రాత్రి తమ బండిని తామే విప్పి బిగించుకుని, దొరికిన కాసేపు నిద్రపోయి మళ్లీ బయల్దేరతారు. ఈ విభాగం మీద మా మరదలికి ప్రత్యేకమైన అభిమానం. కొడుకు అలాగే బతుకుతున్నాడని ఆమె లెక్క.

2020లో డాకర్ సౌదీకి మారింది. మా ఇంట్లో పండగ ముందే వచ్చింది. అప్పటికి సంతోష్ హీరో జట్టులో ఉన్నాడు. పాలో గొంసాల్వెస్ కూడా అదే జట్టుకు వచ్చాడు. ఆ ‘మంచోడు’ ఇప్పుడు మన బండి మీద!

జనవరి 7న, మూడో రోజు, గొంసాల్వెస్ బండి ఇంజను ఎడారి మధ్యలో పోయింది. మరొకడైతే పోటీ వదిలేసేవాడు. ఆయన గంటల తరబడి అక్కడే కూర్చుని, జట్టు లారీ వచ్చాక ఇంజను మార్చుకుని, గమ్యం చేరాడు. గెలిచే అవకాశం అప్పుడే పోయింది. అయినా మర్నాడు మళ్లీ బయల్దేరాడు. దుబ్బలో కూర్చుని ఇంజను దింపి మరొకటి ఎక్కించడం ఎంత పనో తెలిసిన మా తమ్ముడు ఆ రోజు షెడ్డుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ కథ చెప్పాడు. సైలెన్సరు బిగించుకోవడానికి వచ్చినవాళ్లు గంటసేపు నిలబడి విన్నారు.

జనవరి 10 శుక్రవారం. ర్యాలీ హాయిల్ నుంచి రియాద్ చేరే రోజు. మావాడికి సెలవు. క్యాంపులో ఉండే తెలుగు, తమిళ, బిహారీ కుర్రాళ్లతో కలిసి రోడ్డు పక్కన నిలబడ్డాడు. పోటీ భాగం అయ్యాక రైడర్లు మామూలు రోడ్డు మీద, మామూలు వేగంతో, లారీల మధ్య నుంచి విడిదికి వస్తారు. ఇమోలో బొమ్మ వణుకుతోంది. ‘పెద్దనాయనా, సూస్తున్నవా? గదిగో... గదిగో మన బండి!’ అని వాడు అరుస్తున్నాడు. మాకు దుమ్ము, ఒక చెయ్యి, ఎర్రగా ఏదో మెరుపు తప్ప ఏమీ కనబడలేదు. మరదలు మాత్రం కొడుకు ముఖం చూపించమని అడిగింది. బండ్లు ఆమె చూడలేదు.

జనవరి 12 ఆదివారం, రియాద్ నుంచి వాదీ అల్ దవాసిర్ వెళ్లే దారిలో గొంసాల్వెస్ పడిపోయాడు. వెనక వస్తున్న ఆస్ట్రేలియా రైడరు టోబీ ప్రైస్ ఆగి, ఆయన పక్కనే ఉండిపోయాడు. హెలికాప్టర్ వచ్చింది. ప్రాణం నిలవలేదు. ఆయన వయసు 40. అది ఆయన 13వ డాకర్.

హీరో జట్టు పోటీ నుంచి తప్పుకుంది. మర్నాడు మోటారు సైకిళ్ల పోటీనే నిలిపేశారు. మా ఇంట్లో భోగి ముగ్గులు చిన్నగా పడ్డాయి. సరిగ్గా చూస్తే మాకు ఆయన ఏమవుతాడు? పోర్చుగల్ ఎక్కడ, దేవరకొండ ఎక్కడ! తమ్ముడు షెడ్డు ముందు కూర్చుని, ‘ఇంజను మార్చినోడన్నా...’ అని ఆగిపోయాడు. పనిలో ఒకణ్ని గుర్తించడమే వాడికి చుట్టరికం.

రియాద్ ఆసుపత్రిలో

2021 జనవరి. అప్పటికి కరోనా మొదలై దాదాపు ఏడాది. మావాడు సెలవుకు రావాల్సింది, రాలేకపోయాడు. విమానాలు లేవు, ఉన్నా డబ్బుల్లేవు. ఆ జనవరి మొదటివారంలో వాడి క్యాంపులో కొందరికి జ్వరాలు వచ్చాయని మాత్రం తెలిసింది. ఆ తర్వాత ఫోను పలకలేదు. ఒక రోజు, రెండు రోజులు...

సరిగ్గా అప్పుడే, జనవరి 6న, వాదీ అల్ దవాసిర్ నుంచి రియాద్ వచ్చే దారిలో సంతోష్ పడ్డాడు. తలకు దెబ్బ. హెలికాప్టర్‌లో రియాద్ ఆసుపత్రికి తరలించారు. మందులిచ్చి కోమాలో ఉంచారు.

మా మరదలు చదువుకోలేదు. ‘కోమాల ఉంచుడు’ అంటే ఏమిటో నన్ను అడిగింది. మెదడుకు విశ్రాంతి కావాలని డాక్టర్లే నిద్రపుచ్చారమ్మా అని చెప్పాను. ‘మరి లేపుతరా బావా?’ అంది. లేపుతారన్నాను. అప్పటి నుంచి పొద్దున, రాత్రి అదే ప్రశ్న. ‘ఆ పిలగాడు కండ్లు తెరిచిండా?’ కొడుకు గురించి మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే మేం ఏం చెబుతామోనని భయం. రియాద్, ఆసుపత్రి... ఈ రెండు మాటలూ గల్ఫ్‌కు పిల్లల్ని పంపిన ఇళ్లల్లో ఎలా వినబడతాయో చెప్పలేను. సంతోష్ కోసం ఆమె పోచమ్మకు కొబ్బరికాయ మొక్కింది. మేమంతా అది సంతోష్ కోసమేనన్నట్టే ఊరుకున్నాం.

మూడో రాత్రి ఫోను మోగింది. క్యాంపులో కొందరిని వేరే గదుల్లోకి మార్చారట. ఆ గందరగోళంలో ఛార్జరు పోయిందట. ‘నాకేం కాలే అమ్మా, బాగనే ఉన్న’ అన్నాడు. ఆమె ఏడ్వలేదు. ‘అన్నం తిన్నవా?’ అని అడిగింది. తర్వాత, ‘బిడ్డా, నువ్వు ఆడనే ఉంటివి గద... గా పిలగాడు ఎట్లున్నడో కనుక్కోరాదూ’ అంది. ఆసుపత్రి ఎక్కడుందో కూడా మావాడికి తెలియదు. అయినా ‘సరే అమ్మా’ అన్నాడు.

సంతోష్ కోమా నుంచి బయటపడ్డాడు. బెంగళూరు చేరాడు. కోలుకున్నాడు. ఆ వార్త చదివి వినిపించిన రోజు మరదలు కొబ్బరికాయ కొట్టింది. ఆ ఏడాది డాకర్‌లోనే కేరళలోని షొర్నూర్‌కు చెందిన హరిత్ నోవా 20వ స్థానంలో వచ్చాడు. ఫ్రాన్స్ కంపెనీ షెర్కోతో కలిసి టీవీఎస్ నడిపిన జట్టు అది. అప్పటికి ఒక భారతీయుడికి అదే అత్యుత్తమం. ఆ సంతోషంలో మా ఇంట్లో ఎవరూ స్థానం సంగతి ఎత్తలేదు. ‘మంచిగ వచ్చిండా? దెబ్బలేం తాకలే గద?’ అన్నదే ప్రశ్న.

అప్పటి నుంచి జాబితా చూసే పద్ధతి మారిపోయింది. తమ్ముడు పైనుంచి చదువుతాడు. మరదలు ‘అందరూ వచ్చిండ్రా?’ అని అడుగుతుంది. అంటే వాడు కిందిదాకా చదవాలి. ఏ దేశంవాడైనా సరే, ఆ రోజు చేరనివాడు ఎవడైనా ఉంటే వాడికి ఏమైందో మర్నాడు చెప్పాలి. ఆమె దృష్టిలో ఆట ముగిసేది చివరివాడు వచ్చాకే.

ఇది ఎవరి జట్టు?

షెడ్డు దగ్గర కుర్రాళ్లు తరచూ ఒక వాదన తెస్తుంటారు. డాకర్‌లో దేశాల జట్లు ఉండవు కదా, కంపెనీల జట్లే కదా అంటారు. హీరో బండి మనది. దాని మీద కూర్చున్నది పోర్చుగల్‌వాడు, స్పెయిన్‌వాడు, జర్మనీవాడు, బోట్స్‌వానావాడు. ఇది మన జట్టు ఎట్లా అవుతుంది?

నిజమే. 2022 జనవరి 4న హీరో బండి డాకర్‌లో ఒక రోజు పోటీని గెలిచింది. భారతీయ కంపెనీకి అది తొలి గెలుపు. తోలింది పోర్చుగల్‌వాడు జొవాకిమ్ రోడ్రిగ్స్. గొంసాల్వెస్‌తో ఆయనది బావ, బావమరిది చుట్టరికం. రెండేళ్ల కిందట అదే దేశంలో తన ఇంటి మనిషిని పోగొట్టుకుని, మళ్లీ అదే ఎడారికి, అదే జట్టుతో వచ్చి గెలిచాడు. ఆ సంగతి చెబితే మరదలు చాలాసేపు మాట్లాడలేదు. ‘వాళ్లమ్మ ఎట్ల పంపిందో’ అంది చివరికి.

2024లో బోట్స్‌వానాకు చెందిన రాస్ బ్రాంచ్ హీరో బండి మీద రెండో స్థానంలో నిలిచాడు. మొదటి ముగ్గురిలో ఒక భారతీయ కంపెనీ బండి ఉండటం డాకర్‌లో అదే మొదలు. ఆ ఏడాది ప్రపంచ ర్యాలీ రెయిడ్ టైటిలు కూడా ఆయనదే. అదే 2024 డాకర్‌లో మన హరిత్ నోవా మొత్తం మీద 11వ స్థానంలో వచ్చి, ర్యాలీ-2 తరగతిలో విజేత అయ్యాడు. డాకర్‌లో ఒక తరగతి గెలిచిన తొలి భారతీయుడు. అతను తోలింది ఫ్రెంచి షెర్కో బండి. అంటే మన బండి మీద వాళ్ల మనిషి, వాళ్ల బండి మీద మన మనిషి!

తమ్ముడు దీనికి చెప్పిన తీర్పు నాకు బాగుంది. ‘మా పిల్లగాడు సౌదీల ఆరబ్బోళ్ల లారీ బాగు చేస్తడు. గా లారీ ఏమో స్వీడన్‌ది, దాన్ని తోలెటోడు పాకిస్తానోడు. అయినా ఎడారిల గా బండి ఆగితే గాళ్లిద్దరే ఒకరికొకరు. ఎవలి జట్టు అంటే ఏం చెప్త?’

2024 పోటీని మావాడు ఇంట్లోనే చూశాడు. 2023 చివర్లో తిరిగొచ్చేశాడు. అప్పులు తీరాయి, చెల్లెలి పెళ్లయింది, ఇక చాలన్నాడు. ఆ ఏడాది రబ్ అల్ ఖాలీ ఎడారిలో రెండు రోజులు కొత్త తరహా పోటీ పెట్టారు. సాయంత్రం నాలుగు కాగానే రైడర్లు ఎక్కడుంటే ఆ దగ్గరి విడిదిలో ఆగిపోవాలి. అక్కడ గుడారం, తిండి తప్ప ఏమీ ఉండవు. ఎవరు ముందున్నారో, ఎవరు వెనకబడ్డారో వాళ్లకు తెలియదు. మావాడు ఆ వార్త చదివి, ‘నాయనా, గది నాకు తెల్సు’ అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇప్పుడు షెడ్డులో

ఇప్పుడు షెడ్డు మావాడిదే. తండ్రి పక్కన కుర్చీ వేసుకుని సలహాలిస్తుంటాడు. షెడ్డు గోడకు సంతోష్, హరిత్ నోవా బొమ్మలు, మధ్యలో పేపర్లోంచి కత్తిరించిన గొంసాల్వెస్ బొమ్మ. బండికి వచ్చినవాళ్లు ఆయన ఎవరని అడిగితే, ఇంజను కథ మళ్లీ మొదలవుతుంది.

తండాల నుంచి కుర్రాళ్లు కూడా వస్తుంటారు. చేతిలో ఫోను, ఫోన్లో ఎవరో ముందు చక్రం గాల్లోకి లేపే వీడియో. మా బండి కూడా ఇలా చేయమంటారు. సైలెన్సరు కోసెయ్యమంటారు, అద్దాలు తీసెయ్యమంటారు. సాగర్ రోడ్డు మీద, శ్రీశైలం రోడ్డు మీద ఏ పూట ఎవరి కొడుకు పోయాడని వింటామో అని భయపడే ఊళ్లు మావి. మావాడు వాళ్లను తిట్టడు. ఎదుట కూర్చోబెట్టి డాకర్ వీడియో పెడతాడు. ‘ఏం పెట్టుకున్నడో సూడు. హెల్మెట్టు, మెడకు పట్టీ, ఛాతీకి కవచం, మోకాళ్లకు కాపు. గింత పెట్టుకున్నోడే పడ్డడు. నువ్వు చెప్పులేసుకోని వచ్చినవ్’ అంటాడు. కొందరు నవ్వి పోతారు. కొందరు మర్నాడు బూట్లతో వస్తారు. చాలామంది రారు.

రోడ్డు మీద కాకుండా ఈ విద్య నేర్చుకోవడానికి చోటు లేదా అంటే, ఉంది. కర్ణాటకలో కోలారు దగ్గర సంతోష్ ఒక డర్ట్ పార్కు పెట్టాడు. అక్కడి నేల కూడా మన గుట్టల్లాగే ఎర్రమట్టి, నల్లబండలు. కోలారు ఊళ్లల్లో తెలుగు మాట కూడా బాగానే వినబడుతుంది. అలాంటి చోటు నల్లగొండకో పాలమూరుకో వస్తే ఎంత బాగుండునని నాకు ఆశ. గుట్టలకు కొరత లేదు, పిల్లలకు కొరత లేదు. కావలసింది ఒక కంచె, ఒక అంబులెన్సు, పిల్లల్ని ఆపి కూర్చోబెట్టి నేర్పే ఒక పెద్దమనిషి. ఇవి దొరికితే ఆ పిల్లలు రోడ్డు వదిలి గుట్ట ఎక్కుతారు.

మొన్న డిండి అవతల నుంచి ఒక పిల్లవాడు వచ్చాడు. పదిహేడేళ్లుంటాయి. నాన్న పాల బండి తెచ్చాడు, రెండు వైపులా క్యాన్లు కట్టిన గుర్తులు ఇంకా ఉన్నాయి. గోడ మీది బొమ్మలను చాలాసేపు చూసి అడిగాడు.

‘అన్నా, మన దిక్కెల్లి ఎవలన్న గంత దూరం పోతరంటవా?’

మావాడు వెంటనే జవాబు చెప్పలేదు. వాడి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. మడ్‌గార్డు కింద వేలు పెట్టి మట్టి చూశాడు. తర్వాత డబ్బాలోంచి ఒక పాత పానా, తండ్రి సౌదీకి ఇచ్చి పంపినవాటిలో ఒకటి, తీసి ఆ పిల్లవాడి చేతిలో పెట్టాడు.

‘పోతరో పోరో తర్వాత సూద్దాం. ముందుగాల ముందు చక్రం విప్పు.’